మ్యాప్ నిండా మా రంగే, మరి ఎలా ఓడిపోయాం? జనాభా, భూమి, ఓట్ల లెక్క మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో మా డివిజన్‌లో ఓటరు స్లిప్పులు పంచడం, ఓటు లేనోళ్ల చేత ఫారాలు నింపించడం చాలా ఏళ్లుగా చేస్తున్నా. ప్రతి ఎలక్షన్ అయ్యాక టీవీలో రంగుల మ్యాప్ రాగానే అవే డౌట్లు మళ్లీ వస్తాయి, అరండల్‌పేట టీ కొట్టు దగ్గర ఆపి అడిగేవాళ్లు కొందరు, అపార్ట్‌మెంట్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లు కొందరు, విజయవాడ నుంచి ఫోన్ చేసి మరీ వాదించే చుట్టాలు ఇంకొందరు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## రంగుల మ్యాప్ చూసినప్పుడు

మ్యాప్‌లో మూడొంతులు మా పార్టీ రంగే ఉంది, అయినా ఎలా ఓడిపోయాం?

మ్యాప్‌లో రంగేసేది నేలకండి, ఓటేసేది మనుషులు. గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తెచ్చిన రైతుని ఎన్ని ఎకరాలు వేశావని అడిగి డబ్బులివ్వరు కదా, కాటా మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎంత తూగితే అంతకే ఇస్తారు. ఇదీ అంతే.

మా వీధి చివర 500 గజాల్లో కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటుంది, అంతస్తుకి మూడు ఫ్లాట్లు. మొన్న స్లిప్పులు పంచడానికి పోతే మెట్లెక్కి దిగేలోపే 40 స్లిప్పులు అయిపోయాయి. అదే రోజు సాయంత్రం కృష్ణ ఒడ్డున మావాళ్ల ఊరెళ్లా, కరకట్ట దిగితే కనుచూపు మేర అరటి తోటలు, పసుపు చేలు, ఆ లంకలో ఉన్నది మోటారు షెడ్డు దగ్గర ఒక్క కాపలా ఆయన, ఆయన ఓటు కూడా కట్ట ఇవతల ఊళ్లోనే ఉంది. మ్యాప్ మీద ఆ లంక బొటనవేలంత కనిపిస్తది, మా అపార్ట్‌మెంట్ చుక్క కూడా కాదు. కౌంటింగ్ హాల్లో మాత్రం అపార్ట్‌మెంట్‌కి 40, లంకకి సున్నా.

అడవులు, కొండలు, నదులు కూడా ఏదో ఒక నియోజకవర్గంలోవే కదా, వాటికి లెక్క లేదా?

హద్దుల్లో ఉంటాయి, లెక్కలో ఉండవు. నల్లమల ఎంత పెద్దదైనా అందులో మనుషులు ఉన్న గూడేల వరకే ఓట్లు. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూస్తే కిలోమీటరుకి పైనే వెడల్పున్న కృష్ణ కనిపిస్తది, దాంట్లో ఒక్క ఓటూ లేదు, పక్కన కృష్ణలంక ఇరుకు సందుల్లో వేలకి వేలు ఉన్నాయి.

దీనికి రెండో వైపు కూడా తెలుసుకోవాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. గుజరాత్ గిర్ అడవిలో బానేజ్ అనే చోట ఉన్న ఒకే ఒక్క ఓటరు కోసం ఎన్నికల సిబ్బంది మెషీన్లు మోసుకెళ్లి పోలింగ్ బూత్ పెడతారు. అరుణాచల్‌లో మాలోగామ్ అనే చోట కూడా ఒక్కామె కోసం అలాగే వెళ్తారు. అంటే అడవికి ఓటు లేదు, కానీ అడవిలో ఉన్న మనిషిని మాత్రం వదలరు.

నాకు 20 ఎకరాలుంది, నా పొలం కౌలుకి చేసే అతనికి సెంటు భూమి లేదు, ఇద్దరికీ ఒకటే ఓటా?

ఒకటేనండి. రాజ్యాంగం 326వ అధికరణం అడిగేది ఇండియా పౌరుడివా, వయసు వచ్చిందా అనే. ఆ వయసు మొదట్లో 21, 61వ సవరణతో 1989 నుంచి 18 అయింది. భూమి, పన్ను, చదువు ఏదీ అడగదు.

షేర్లున్న కంపెనీల్లో ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు, అది డబ్బు పెట్టిన లెక్క. ప్రభుత్వం అలా కాదు, అది చేసిన చట్టం కౌలు రైతు మీదా పడుతుంది, మీ మీదా పడుతుంది. పోలింగ్ రోజు క్యూలో మీ ముందు మీ పొలంలో మిరపకాయలు కోసిన ఆవిడ ఉండొచ్చు, ఆమె వేలికి పెట్టిన ఇంకే మీ వేలికీ పెడతారు. నా వరకు ఈ దేశంలో ఇంత సమానంగా జరిగే పని ఇంకోటి కనిపించలా.

ఒకప్పుడు భూమి ఉన్నోళ్లకే ఓటు ఉండేదంటారు, నిజమా?

నిజమే. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1937లో జరిగిన ఎన్నికల్లో పన్ను కట్టేవాళ్లు, ఆస్తి ఉన్నవాళ్లు, ఇంత చదువుకున్నవాళ్లు అని లెక్కచూసే ఓటిచ్చారు, కూలి చేసుకునే జనంలో చాలామందికి లేదు. అది కాక 215 సీట్ల మద్రాసు అసెంబ్లీలో 6 సీట్లు ప్రత్యేకంగా భూస్వాములకే కేటాయించారు. అంటే భూమికి సీటు ఉన్న రోజులు మన తాతల కాలంలోనే ఉన్నాయి. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలతో అది పోయింది, పెద్దవాళ్లందరికీ ఓటొచ్చింది. ఇప్పుడు "విస్తీర్ణాన్ని బట్టి కూడా చూడాలి" అనేవాళ్లు తెలియకుండానే ఆ రోజుల్ని మళ్లీ అడుగుతున్నారని నాకనిపిస్తది.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, అక్కడి మ్యాప్ మొత్తం ఎర్రగా ఉన్నా 2020లో నీలం పార్టీ ఎలా గెలిచింది?

ఈ ప్రశ్న మన గుంటూరు, విజయవాడల్లో చాలా ఎక్కువ, ఇంటికొకరు అక్కడ ఉన్నారు కాబట్టి. అక్కడ ఎరుపు రిపబ్లికన్ పార్టీది, నీలం డెమోక్రటిక్ పార్టీది. అమెరికాలో మన జిల్లాల్లాంటి కౌంటీలు 3,100 పైచిలుకు ఉన్నాయి, 2020లో నీలం పార్టీ బైడెన్ గెలిచినవి వాటిలో ఆరో వంతు చుట్టూ మాత్రమే. కానీ అవి జనం కిక్కిరిసిన కౌంటీలు, లాస్ ఏంజెలెస్ కౌంటీ ఒక్కదాంట్లోనే దాదాపు కోటి మంది. దేశం మొత్తం మీద ట్రంప్ కంటే 70 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి, రాష్ట్రాల వారీగా లెక్కేసి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు బైడెన్‌కి 306, ట్రంప్‌కి 232.

"అక్కడ ఎలక్టోరల్ కాలేజీ ఉందిగా, అది భూమి లెక్కే కదా" అంటారు. కాదు. ప్రతి రాష్ట్రానికీ జనాభాని బట్టి వచ్చే హౌస్ (మన లోక్‌సభ లాంటిది) సీట్లకి ఇద్దరు సెనేటర్లని కలిపి ఆ సంఖ్య వేస్తారు. ఆ ఇద్దరు సెనేటర్ల వల్ల చిన్న రాష్ట్రాల్లో మనిషికి బరువు పెరుగుతుంది, వ్యోమింగ్‌లో 5.77 లక్షల మందికి 3 ఓట్లు, కాలిఫోర్నియాలో 3.95 కోట్ల మందికి 54. ఈ తేడా మీద అక్కడే పెద్ద గొడవ ఉంది, 2016లో క్లింటన్‌కి 28 లక్షలకి పైగా ఓట్లు ఎక్కువొచ్చి కూడా ఓడిపోయింది. అయినా ఆ లాభం జనం తక్కువున్న రాష్ట్రానికి, నేల ఎక్కువున్న రాష్ట్రానికి కాదు. 17 లక్షల చదరపు కిలోమీటర్ల అలాస్కాకి 3 ఓట్లు, మన పాత కృష్ణా జిల్లా కంటే చిన్నదైన డెలావేర్‌కీ అవే 3.

1964లో అక్కడి సుప్రీంకోర్టు రాష్ట్రాల చట్టసభల గురించి తీర్పిస్తూ, ప్రతినిధులు మనుషుల తరఫున ఉంటారు గానీ చెట్ల తరఫునో ఎకరాల తరఫునో కాదని రాసింది.

## సీట్లు గీసేటప్పుడు

పాత అనంతపురం జిల్లా మన కృష్ణా జిల్లాకి రెండింతలు, మరి సీట్లు మనకే ఎక్కువెందుకు?

2022కి ముందున్న 13 జిల్లాల లెక్క తీసుకుందాం. అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రంలో అన్నిటికంటే పెద్దది, అసెంబ్లీ సీట్లు 14. కృష్ణా 8,727 చదరపు కిలోమీటర్లు, సీట్లు 16. పైపైన చూస్తే అన్యాయం లాగే ఉంటది.

2011 జనగణన తెరవండి. అనంతపురంలో 40.8 లక్షల మంది, కృష్ణాలో 45.2 లక్షలు. సీట్లతో భాగించి చూస్తే అక్కడ ఒక ఎమ్మెల్యేకి 2.91 లక్షలు, ఇక్కడ 2.82 లక్షలు. గుంటూరు 48.9 లక్షలకి 17 సీట్లు, అంటే 2.88. కడప 28.8 లక్షలకి 10 సీట్లు, 2.88. ప్రకాశం విస్తీర్ణంలో గుంటూరు కంటే చాలా పెద్దది, జనం 34 లక్షలే, 12 సీట్లు, 2.83. నేల ఎంత తేడాగా ఉన్నా తలసరి లెక్క అంతా 2.8, 2.9 దగ్గరే తిరుగుతోంది చూడండి. డెల్టాలో నీళ్లుండి మూడు కిలోమీటర్లకో ఊరు లేచింది, అనంతపురంలో వాన లేక ఊరికి ఊరికి మధ్య దూరం పెరిగింది, సీట్లు ఆ జనం వెనకాలే వెళ్లాయి.

కొత్త జిల్లాలు వచ్చాక ఈ లెక్క మారిందా?

జిల్లాలు మారాయి, నియోజకవర్గాలు మారలా. 2022 ఏప్రిల్‌లో 13ని 26 చేసినప్పుడు ఏర్పడిన రెండింటిని అప్పటి లెక్కతో పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్టీఆర్ జిల్లా 3,316 చదరపు కిలోమీటర్లు, 7 సీట్లు. అల్లూరి సీతారామరాజు జిల్లా 12,251 చదరపు కిలోమీటర్లు, అరకు, పాడేరు, రంపచోడవరం కలిపి 3 సీట్లే. జనం 22.19 లక్షలు, 9.54 లక్షలు. భాగించండి, ఒకచోట సీటుకి 3.17 లక్షలు, ఇంకోచోట 3.18 లక్షలు. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పేశానేమో అని మళ్లీ వేసి చూసుకున్నా.

మరి గీసేటప్పుడు విస్తీర్ణం అసలు చూడనే చూడరా?

చూస్తారు, కానీ రెండో వరసలో. నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీయడాన్ని డీలిమిటేషన్ అంటారు, 2002 డీలిమిటేషన్ చట్టం ప్రకారం నియోజకవర్గం వీలైనంత వరకు ఒకే ముద్దగా ఉండాలి, కొండలు, నదులు, పాలనా హద్దులు, రోడ్ల సౌకర్యం, జనం వీలు చూడాలి. ఎస్టీ సీట్లు వాళ్ల శాతం ఎక్కువగా ఉన్నచోట పెట్టాలి. ఎస్సీ సీట్లు వాళ్ల శాతం ఎక్కువున్న చోట్లే గానీ రాష్ట్రంలో వేర్వేరు భాగాల్లో ఉండేలా చూడాలి, మన దగ్గర తాడికొండ, ప్రత్తిపాడు, నందిగామ, తిరువూరు అలాంటివే. ఇవన్నీ హద్దు ఎటు తిప్పాలో చెప్తాయి, సీట్లు ఎన్నో చెప్పేది జనాభానే.

ఎవరు గీస్తారు?

డీలిమిటేషన్ కమిషన్. దేశమంతటికీ కలిపి 1952, 1963, 1973, 2002లో నాలుగు వచ్చాయి. ఇప్పుడున్న హద్దులు జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 జనాభా మీద గీసినవి, మన రాష్ట్రంలో 2009 ఎన్నికల నుంచి వాడుతున్నారు.

రాజస్థాన్‌కీ 25 ఎంపీ సీట్లే, మనకీ 25, నేల వాళ్లది రెండింతలు, జనం కూడా వాళ్లే ఎక్కువ, ఇదేం లెక్క?

చాలా మంచి ప్రశ్న, ఇక్కడ జనాభా సూత్రాన్ని మధ్యలో ఆపేశారు. రాష్ట్రాలకి లోక్‌సభ సీట్లు ఇప్పటికీ 1971 జనాభా మీదే ఉన్నాయి. 1976లో 42వ సవరణ వాటిని 2001 దాకా ఆపింది, కుటుంబ నియంత్రణ బాగా చేసిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదని. తర్వాత 84వ సవరణ దాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. అందుకే 2011 లెక్కలో రాజస్థాన్‌లో 6.85 కోట్లు, మన దగ్గర 4.96 కోట్లు ఉన్నా ఇద్దరికీ 25.

నేల మాట చెప్పాలంటే రాజస్థాన్ 3.42 లక్షల చదరపు కిలోమీటర్లతో దేశంలో అతి పెద్ద రాష్ట్రం, ఉత్తరప్రదేశ్ 2.41 లక్షలే, కానీ అక్కడ 80 సీట్లు. లద్దాఖ్ విస్తీర్ణంలో దేశంలో అతి పెద్ద లోక్‌సభ నియోజకవర్గం, లక్షద్వీప్ 32 చదరపు కిలోమీటర్లు, రెండింటికీ ఒక్కో ఎంపీనే.

అయితే మళ్లీ గీస్తే దక్షిణాదికి నష్టమేగా? అప్పుడు కూడా జనాభానే అంటారా?

ఈ భయం ఉత్తిది కాదు, నాకూ ఉంది. మనవాళ్లు ఇద్దరితో, ఒకరితో ఆపేసి, బడులు కట్టి, ఆసుపత్రులు పెట్టి జనాభా అదుపు చేసుకుంటే దానికి శిక్షగా గొంతు తగ్గిపోతే బాధగానే ఉంటది. కానీ దానికి మందు నేలని లెక్కలోకి తేవడం కాదు, అలా తెస్తే అందరికంటే ముందు లాభపడేది రాజస్థాన్, మధ్యప్రదేశ్, మనం కాదు. మనకంటే జనసాంద్రత ఎక్కువున్న కేరళ ఇంకా మునిగిపోతది. రాష్ట్రాల మధ్య వాటా ఎలా ఉండాలన్నది ఒక వాదన, ఒక రాష్ట్రం లోపల ఒక మనిషి ఓటు ఇంకో మనిషి ఓటుతో సమానంగా ఉండాలన్నది వేరే వాదన, రెండూ కలిపేసి మాట్లాడొద్దు.

మన అసెంబ్లీ మాటకొస్తే 2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో 175ని 225 చేయాలని ఉంది, అదీ రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అని రాశారు, ఆ అధికరణం అసెంబ్లీ సీట్లని కూడా 2026 తర్వాతి జనగణన దాకా మార్చనివ్వదు, అందుకే ఆగింది.

## ఓటు రాయించుకునేటప్పుడు

ఊళ్లో ఇల్లు, పొలం ఉన్నాయి, ఉండేది విజయవాడ పటమటలో, ఓటు ఊళ్లో ఉంచుకోవచ్చా?

ఆస్తి ఉందన్న కారణం ఒక్కటే చాలదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ ఇది స్పష్టంగా చెప్తుంది, ఒక నియోజకవర్గంలో ఇల్లు సొంతంగా ఉన్నంత మాత్రాన అక్కడ మామూలుగా నివాసం ఉంటున్నట్టు కాదు. మీరు నిజంగా ఎక్కడ ఉంటున్నారో అక్కడే ఓటు. మారడానికి ఫారం 8, కొత్తగా అయితే ఫారం 6. రెండు చోట్లా ఉంచుకోవడం తప్పు, దానికి సర్దుబాటు లేదు.

జనాభా అంటే ఓటర్లేనా, పిల్లల్ని కూడా లెక్కేస్తారా?

సీట్లు పంచడానికి జనాభా మొత్తం, నిన్న పుట్టిన బిడ్డతో సహా. గెలుపు తేల్చడానికి మాత్రం పోలైన ఓట్లు. అందుకే జనం ఎక్కువున్న చోట కూడా ఓటేయకపోతే బలం రాదు. విజయవాడ నగరంలో పోలింగ్ చుట్టుపక్కల పల్లెల కంటే తక్కువ ఉండటం నాకు ఎప్పుడూ బాధే, నాలుగు వీధుల అవతల బూత్ ఉంటది, ఏసీ వేసుకుని పడుకుంటారు, అదే 2024 మే 13కి హైదరాబాద్ నుంచి బస్సు సీటు దొరక్క రాత్రంతా నిలబడి వచ్చి ఓటేసినవాళ్లని నేను చూశా.

విదేశంలో ఉన్న మా అమ్మాయికి ఓటుంటదా?

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి వేరే దేశ పౌరసత్వం తీసుకోకపోతే ఫారం 6ఏ పెట్టుకోవచ్చు, పాస్‌పోర్ట్‌లో ఉన్న ఊరి లిస్టులో వస్తుంది. వేయడానికి మాత్రం స్వయంగా రావాలి.

## కౌంటింగ్ నాడు

అయిదు మండలాల్లో నాలుగింట లీడ్ మాదే, అయినా ఓడిపోయాం, ఇందులో ఏదో జరిగింది కదా?

నాలుగు మండలాల్లో తలా 2,000 లీడ్ అనుకోండి, మొత్తం 8,000. అయిదోది టౌన్‌కి ఆనుకున్నది, అక్కడ 11,000 వెనకబడ్డారు. 3,000తో ఓడిపోయారు, అంతే, మాయేం లేదు. మైలవరం నియోజకవర్గం చూడండి, రెడ్డిగూడెం వైపు మామిడి తోటలు, జి.కొండూరు వైపు పొలాలు, ఇటు విజయవాడకి అంటుకుని గొల్లపూడి, ఇబ్రహీంపట్నం. ఇలాంటి చోట ఎన్ని మండలాలు గెలిచాం అని లెక్కేసుకుంటే పప్పులో కాలేసినట్టే.

పొద్దున్నంతా లీడ్‌లో ఉండి సాయంత్రానికి ఓడిపోతే అనుమానం రాదా?

మామూలుగా ఒక హాల్లో 14 టేబుళ్లు వేసి రౌండ్లుగా లెక్కపెడతారు, బూత్‌ల నంబర్ల వరసలో మెషీన్లు వస్తాయి. మొదట మీకు బలమున్న ఊళ్లు వస్తే లీడ్, తర్వాత అవతలి వాళ్లవి వస్తే తగ్గుతుంది. ప్రతి టేబుల్ దగ్గర ఏజెంట్లు కూర్చుని, పోలింగ్ అయ్యాక బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే ఫారం 17సీలోని అంకెతో సరిచూసుకుంటారు. అనుమానం ఉంటే ఆ 17సీ కాపీలు తీసి బూత్ బూత్‌కి కూడుకోండి, అప్పుడు మాట్లాడండి.

ఇన్ని లక్షల్లో నా ఒక్క ఓటు ఏం మారుస్తది?

2014లో మంగళగిరి 12 ఓట్ల తేడాతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో. మా వీధి అపార్ట్‌మెంట్‌లో ఉన్న ఓట్లు దాని కంటే ఎక్కువ.

39 శాతం ఓట్లొచ్చి 11 సీట్లేనా, ఇది జనాభా లెక్కా?

2024లో వైసీపీకి 39 శాతం ఓట్లు, 175లో 11 సీట్లు. 2019లో టీడీపీకి కూడా 39 శాతమే, 23 సీట్లు. రెండు పార్టీలకీ జరిగింది కాబట్టి ఎవరి మీదో కుట్ర అనుకోవద్దు. మన పద్ధతిలో ఒక్కో సీట్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా వాళ్లే ఎమ్మెల్యే, రెండో స్థానానికి ఏమీ రాదు. ఓట్లు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని ప్రతిచోటా కొంచెం తక్కువ పడితే పూత నిండా ఉంటది గానీ కాయ నిలవదు. ఇది మార్చాలా వద్దా అన్నది నిజంగా చర్చించాల్సిన విషయమే, కానీ అది ఓట్లని సీట్లుగా మార్చే పద్ధతి గురించి, ఎకరాల గురించి కాదు.

## ఫలితాలు వచ్చాక

జనం తక్కువున్న ప్రాంతాలకి మరి దిక్కెవరు? వాళ్ల రోడ్లు, నీళ్లు ఎవరు చూస్తారు?

నల్లమల అంచునో, మన్యంలోనో ఉన్న ఎమ్మెల్యే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికే సగం రోజు పడుతుంది, విజయవాడ వెస్ట్ ఎమ్మెల్యే అయితే పొద్దున్నే బయల్దేరి టిఫిన్ టైముకి నియోజకవర్గం చుట్టేసి రావొచ్చు. ఈ కష్టం నిజం. దీన్ని తీర్చేది ఓటు బరువు పెంచి కాదు, డబ్బులిచ్చి. కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేటప్పుడు 15వ ఆర్థిక సంఘం 2021-26కి జనాభాకి 15 శాతం బరువిస్తే విస్తీర్ణానికీ 15 శాతం ఇచ్చింది, అడవికి ఇంకో 10 శాతం. నేలకి రోడ్డు కావాలి, కాలువ కావాలి, దానికి లెక్కలో చోటు అక్కడ ఉంది.

టీవీలో ఇచ్చే మ్యాప్ కాకుండా ఇంకేది చూడాలి?

ఒక్కో సీటుకి ఒకే సైజు గడి ఇచ్చి గీసే కార్టోగ్రామ్ అని ఉంటది, 175 గడులు, రంపచోడవరానికీ ఒకటే, గుంటూరు ఈస్ట్‌కీ ఒకటే. మొదటిసారి చూస్తే రాష్ట్రం ఆకారం వంకరగా ఉంటది, సముద్రం ఎటో అర్థం కాదు, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. అది కూడా ఎవరు ఎంత తేడాతో గెలిచారో చెప్పదు, దానికి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో మీ నియోజకవర్గం పేజీ తెరిచి రౌండ్ల వారీగా చూసుకోండి, ఫోన్‌లోనే వస్తుంది, తెరవడం రాకపోతే ఆదివారం పొద్దున నేను టీ కొట్టు దగ్గరే ఉంటా.